భయం పోయిన వారమే జాగ్రత్త

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకు వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నేను ఫిజియోథెరపిస్టుని. దెబ్బ తగిలాక, జబ్బు చేశాక మళ్లీ జిమ్‌కి ఎలా రావాలో చెప్పమని నన్ను పిలిచారు. నా దగ్గరికి కొత్తగా దెబ్బ తగిలి వచ్చేవాళ్లు ఎటూ ఉంటారు. తగ్గిన దెబ్బను మళ్లీ రేపుకుని వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. ఈ రెండో రకం వాళ్ల గురించే ఎక్కువ మాట్లాడతాను. ఎప్పుడు తిరగబెట్టిందని అడిగితే వీళ్లలో మొదటి రోజేనని చెప్పేవాళ్లు అరుదు. మొదటి రోజు అందరూ బుద్ధిమంతులే. ఖాళీ రాడ్డు పట్టుకుని, అద్దంలో మోకాలు చూసుకుంటూ, భయం భయంగా దిగుతారు. నెలా నెలన్నర గడుస్తుంది. నొప్పి లేదు, నిద్ర పడుతోంది, చొక్కా చేతులు మళ్లీ బిగుస్తున్నాయి. "పాత వెయిట్ ఒక్కసారి చూద్దాం అన్నా, పక్కన నిలబడు" అంటారు. నా దగ్గరికి వచ్చేది ఆ మర్నాడు.

దీనికి కారణం ఒంట్లోనే ఉంది. కండ తొందరగా తిరిగొస్తుంది. ఒకసారి పెంచిన కండ కరిగిపోయినా, పెరిగేటప్పుడు దాని కణాల్లో చేరిన అదనపు కేంద్రకాలు అలాగే మిగిలి ఉంటాయని 2010లో నార్వే శాస్త్రవేత్తలు చిట్టెలుకల్లో చూపించారు. మనుషుల్లో అది ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద వాదన నడుస్తోంది గానీ, పాత జిమ్ మనిషి కొత్తవాడి కంటే త్వరగా పుంజుకుంటాడన్నది మీరంతా చూసిందే. టెండన్ అలా కాదు. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే ఆ తాడుకి రక్త సరఫరా తక్కువ, అది గట్టిపడటానికి నెలలు పడుతుంది. అంటే ఇంజన్ వచ్చేసింది, బ్రేకులింకా షెడ్డులోనే ఉన్నాయి. కండ లాగగలిగినంత బరువుని టెండన్ ఇంకా మోయలేని ఆ మధ్యకాలమే ప్రమాదం. భయం పోయేది కూడా సరిగ్గా అప్పుడే.

మోకాలి కీలు జారకుండా లోపల పట్టి ఉంచే ఏసీఎల్ అనే తాడు తెగి ఆపరేషన్ అయినవాళ్లలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. దాని బదులు లోపల అమర్చిన కొత్త తాడు, అదే గ్రాఫ్ట్, ఆపరేషన్ రోజు ఉన్న గట్టిదనం కూడా మొదటి నెలల్లో కోల్పోతుంది. శరీరం దాన్ని తనదిగా మార్చుకునే క్రమంలో అలా జరుగుతుంది. పేషెంటు మాత్రం అప్పటికి మెట్లు దిగుతుంటాడు, బండి నడుపుతుంటాడు, తనకి తగ్గిపోయిందనుకుంటాడు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆటలోకి దిగడాన్ని తొమ్మిదో నెల దాకా వాయిదా వేసినకొద్దీ, ఒక్కో నెలకీ మళ్లీ మోకాలికి దెబ్బ తగిలే రేటు దాదాపు సగానికి పడిపోయింది. తర్వాత తగ్గడం ఆగింది. నెలలు గడిస్తే మాత్రం సరిపోదు, ఆపరేషన్ అయిన కాలి తొడ బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతం ఉండాలి. టేపుతో తొడ చుట్టుకొలత చూసి సరిపోయిందనుకోకండి. చుట్టుకొలత వేరు, బలం వేరు.

ఎముక విరిగినవాళ్ల సంగతీ అంతే. పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకున్నా, ఆసుపత్రిలో ప్లేటు వేయించుకున్నా, కట్టు విప్పిన రోజు ఆ చేతిని చూస్తే పుల్లలా ఉంటుంది. అయితే ఆ కట్టు ఉన్నన్నాళ్లూ ఖాళీగా కూర్చోవాల్సిన పని లేదు. ఒక చేతికి సాధన చేయిస్తే రెండో చేతి బలం కూడా కొంత పెరుగుతుందని 1894లోనే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో గమనించారు. కట్టులో ఉన్న చేతి బలం మరీ పడిపోకుండా బాగున్న చేతి సాధన కాపు కాస్తుంది. డాక్టరు సరేనంటే రెండో చేతికి, కాళ్లకి పని చెప్పండి. "ఒకవైపే పెరిగి వంకరగా కనబడతానేమో సార్" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. కనబడవు నాయనా.

ఇప్పుడు జ్వరాలు. వానాకాలం వెళ్లాక నా దగ్గరికి ఫోన్లో ప్లేట్‌లెట్ రిపోర్టు తెరిచి పట్టుకుని వస్తారు. "లక్షన్నర దాటాయి సార్, ఇక మొదలెట్టొచ్చా?" ప్లేట్‌లెట్లు పెరిగాయంటే రక్తస్రావం భయం తగ్గిందని. స్క్వాట్‌కి అది అనుమతి పత్రం కాదు. డెంగ్యూ నీరసం వారాల తరబడి ఉంటుంది, చికున్‌గున్యా అయితే కీళ్ల నొప్పి నెలల తరబడి వదలదు. అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది గుండె. కొన్ని వైరస్ జ్వరాల్లో గుండె కండరానికి వాపు వస్తుంది. తగ్గాక కూడా మెట్లెక్కితే ఛాతీలో పట్టేసినట్టున్నా, గుండె దడదడలాడుతున్నా, కళ్లు తిరుగుతున్నా జిమ్ మాట పక్కన పెట్టి ఈసీజీ తీయించుకోండి. గుండె వాపు తేలితే మూడు నుంచి ఆరు నెలలు బరువుల జోలికి వెళ్లొద్దంటారు. అందులో బేరాల్లేవు.

మన ఊళ్లలో పెద్దగా ఎవరూ చెప్పని ముచ్చట ఇంకొకటి ఉంది. టైఫాయిడ్‌కీ, యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కీ సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి మాత్రలు రాస్తుంటారు. ఇవి కొందరిలో టెండన్లను, ముఖ్యంగా మడమ వెనకుండే దాన్ని, దెబ్బతీస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందుల మీద పెట్టె కట్టిన హెచ్చరిక, అంటే తమ దగ్గరున్న అన్నిటికంటే గట్టి హెచ్చరిక, వేయించింది. అరవై దాటినవాళ్లకీ, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకీ ప్రమాదం ఎక్కువ. కోర్సు అయిపోయిన కొన్ని నెలలకి కూడా తెగొచ్చు. మందు మానమని నేను చెప్పడం లేదు, డాక్టరు రాస్తే వాడాల్సిందే. జ్వరం తగ్గిన వారానికే బాక్స్ జంపులు, స్కిప్పింగు మాత్రం వద్దంటున్నాను. ఏ మందు వాడారో ట్రైనరుకి చెప్పండి.

ఇక పథ్యం. అమ్మలకి కోపం రావచ్చు, అయినా చెప్తాను. జ్వరం రోజుల్లో గంజి, ఇడ్లీ, చారన్నం బాగానే ఉంటాయి. ఆకలి పుట్టాక కూడా నెలంతా బీరకాయ కూరతో నడిపిస్తే కరిగిన కండ దేనితో తయారవుతుంది? కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.6 గ్రాముల మాంసకృత్తులు కావాలి. డెబ్బై కిలోల మనిషికి ఎనభై నాలుగు గ్రాములు తక్కువలో తక్కువ. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. మిగతాది పప్పు, పెరుగు, చేప, చికెన్, మీ ఇంట్లో ఏది నడిస్తే అది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగాలి.

బ్యాడ్మింటన్ ఆటగాడు కిడాంబి శ్రీకాంత్‌ని చూపించి నన్ను ఇరికించేవాళ్లుంటారు. 2014 జులైలో హైదరాబాద్ అకాడమీలో స్పృహ తప్పి పడిపోయి, మెదడువాపు జ్వరంతో ఐసీయూలో ఉన్న మనిషి, నవంబరుకల్లా చైనా ఓపెన్ ఫైనల్లో చైనా చాంపియన్ లిన్ డాన్‌ని వాళ్ల దేశంలోనే ఓడించాడు. నిజమే, నాకూ గర్వమే. కానీ ఆయనకి కోచ్, ఫిజియో, డాక్టరు అందుబాటులో ఉన్నారు. మనకి ఉన్నది ఆఫీసు నుంచి వచ్చాక మిగిలే గంట. మనకి పనికొచ్చే కథ వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చానుది. 2017లో 194 కిలోలెత్తి ప్రపంచ చాంపియన్ అయింది. మరుసటి ఏడు నడుము నొప్పి పట్టుకుంటే జకార్తా ఆసియా క్రీడలే వదులుకుంది. 2019 ప్రపంచ పోటీల్లో 201 కిలోలెత్తి నాలుగో స్థానంలో ఆగింది. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వెళ్లి, ఆరన్ హార్షిగ్ అనే ఫిజికల్ థెరపిస్టు దగ్గర నడుము, భుజం లోపాలు దిద్దుకుంది. టోక్యో ఒలింపిక్స్‌లో 202 కిలోలతో రజతం వచ్చింది. ఆ స్థాయి మనిషే మెడల్ వచ్చే పోటీని వదులుకుంటే, మనం ఆదివారం డెడ్‌లిఫ్ట్ వదులుకోలేమా?

ట్రైనర్ తమ్ముళ్లు ఇది వినండి. తిరిగొచ్చిన మనిషిని పాత బరువులో సగం దగ్గర మొదలుపెట్టించండి, ఇంకా తక్కువైనా పర్లేదు. ఇంకో మూడు నాలుగు సార్లు ఎత్తగలడనగా ఆపించండి. వారానికి ఒక్కటే పెంచండి, బరువు పెంచితే సెట్లు పెంచొద్దు. చేసేటప్పుడు పదికి రెండు మూడు పాళ్ల నొప్పి ఉన్నా, మర్నాడు పొద్దునకి మామూలైపోతే ముందుకెళ్లొచ్చు. మర్నాడు వాచినా, కుంటుతున్నా నిన్నటిది ఎక్కువైందన్నమాట. మొదటి రోజే పాత స్నేహితుల ముందు వంద స్క్వాట్లు తీసి, రెండో రోజు కోలా రంగులో మూత్రం పోస్తోందని వస్తారు కొందరు. అది కండ చితికి కిడ్నీల మీద పడుతున్న సూచన. నిమ్మరసం ఇచ్చి ఇంటికి పంపకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకా చెప్పేకంటే చూపించడం నయం. ఆ కుర్చీ ఇటు జరపండి. మోకాలి ఆపరేషన్ అయి ఏడాది దాటినవాళ్లు, ఇప్పుడు నొప్పి లేనివాళ్లు ఎవరైనా ఒకరు రండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముందు బాగున్న కాలి మీద, తర్వాత ఆపరేషన్ అయిన కాలి మీద, కుర్చీలోంచి లేచి నిలబడాలి. మిగతావాళ్లు మోకాలు లోపలికి వంగుతోందా లేదా అన్నదే చూడండి. తొందర లేదు బాబూ, నెమ్మదిగా కూర్చో.