దేవుడు ఒక్కడే అంటే సరిపోతుందా? ప్రపంచ మతం అనిపించుకోవడానికి ఇంకేం కావాలి?

(హనుమకొండ స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: రిటైరైన చరిత్ర లెక్చరర్, ఒక ప్రభుత్వ బడి టీచర్, మతాల చరిత్ర మీద రీసెర్చ్ చేస్తున్న విద్యార్థి.)

యాంకర్: నమస్కారం. కాజీపేట దర్గా ఉర్సుకు మనందరం పోతాం, ఆ పక్కనే ఫాతిమా నగర్‌లో పెద్ద చర్చి ఉంది. ఇస్లాం, క్రైస్తవం ప్రపంచ మతాలేనా అని ఎవరూ అడగరు. మరి యూదులు, సిక్కులు, బహాయీలు, పార్సీలు? వీళ్లూ దేవుడు ఒక్కడే అనేవాళ్లే కదా. మేడమ్, మొన్న ఫోన్లో మీరొక ఫారం సంగతి చెప్పారు, అక్కడ మొదలుపెడదాం.

టీచర్: 2011 ఫిబ్రవరిలో నాకు జనగణన డ్యూటీ పడింది. మతం పేరు రాసి పక్క గడిలో కోడ్ వేయాలి. హిందువులకు 1, ముస్లింలకు 2, క్రైస్తవులకు 3, సిక్కులకు 4, బౌద్ధులకు 5, జైనులకు 6. ఇంకేదైనా చెప్తే పేరు పూర్తిగా రాయాలి, కోడ్ మాత్రం వేయొద్దు. ఒక ఇంట్లో పెద్దాయన మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి "బహాయీ అని రాయండమ్మా" అన్నాడు. ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి. ఎట్లా రాయాలో ఆయన్నే అడిగి ఒక్కో అక్షరం రాసుకున్నాను. ఆయన గడి వంక చూసి "ఇది నింపరా?" అన్నాడు. నింపడానికి నా దగ్గర అంకె లేదు.

విద్యార్థి: ఆయన చెప్పిన మతం 19వ శతాబ్దంలో ఇరాన్‌లో మొదలైంది మేడమ్. దాన్ని స్థాపించిన బహావుల్లా తానే దేవుని సందేశం తెచ్చినవాడినని 1863లో బాగ్దాద్‌లో ప్రకటించాడు. ఇవాళ రెండు వందలకు పైగా దేశాల్లో, ప్రాంతాల్లో వాళ్లున్నారు. ఢిల్లీలో తామర పువ్వు ఆకారంలో ఉండే ఆలయం 1986లో కట్టింది వాళ్లే. అన్ని దేశాల్లో ఉన్న మతానికి మన ఫారంలో గడి ఖాళీ!

యాంకర్: మరి జనం ఎంతమంది అన్నది చూడొద్దా? క్రైస్తవులు 230 కోట్ల దాకా, ముస్లింలు 200 కోట్ల దాకా ఉన్నారు.

లెక్చరర్: తలలు లెక్కబెడితే యూదు మతం ఎప్పుడో ప్రపంచ మతాల లిస్టులోంచి పోవాలి. ప్రపంచం మొత్తం మీద వాళ్లు కోటిన్నర చిల్లర. అయినా ఏ పాఠ్యపుస్తకం తీసినా వాళ్లకొక అధ్యాయం ఉంటుంది, ఎందుకంటే అబ్రహాము, మోషే కథలు లేకుండా మిగతా రెండు మతాల కథ మొదలే కాదు. అసలు ఈ లిస్టు ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. 19వ శతాబ్దంలో యూరప్ పండితులు కూర్చుని ఇవి ఒక్క జాతికే చెందిన మతాలు, ఇవి అందరికీ చెందిన సార్వత్రిక మతాలు అని పంచారు. కూనెన్ అనే డచ్ పండితుడు 1882లో దీని మీదే ఉపన్యాసాలిచ్చాడు. బౌద్ధం సార్వత్రికమే అన్నాడు, ఇస్లాం దగ్గరికి వచ్చేసరికి వెనకాడాడు. బౌద్ధంలో సృష్టికర్త దేవుడే లేడు కదా, అంటే వాళ్లు దేవుడు ఒక్కడా కాదా అన్నది కొలబద్దగా పెట్టుకోలేదు, తమకు నచ్చిన పోలికలు పెట్టుకున్నారు. ఆ పంపకాన్నే మనం ఇంకా పిల్లలకు చెప్తున్నాం, అది నాకు బాధగా ఉంటుంది.

విద్యార్థి: కానీ సార్, దేవుడు ఒక్కడే అన్నాక ఆయన అందరి దేవుడు కావాలి కదా? యూదులు మాత్రం ఆయన మా జనంతోనే ఒడంబడిక చేసుకున్నాడంటారు.

లెక్చరర్: అక్కడే తమ్మీ, జర ఆగాలి. దేవుడు అందరికీ, ధర్మశాస్త్రంలోని కట్టుబాట్లన్నీ మాకు. వాళ్ల మాట అది. మిగతా మనుషులకు జలప్రళయం కథలోని నోవహు నాటి ఏడు నియమాలు చాలు, మంచివాడు కావడానికి యూదుడు కానక్కర్లేదంటారు. పిలిచి మతంలో కలుపుకోరు, కావాలని వచ్చినవాళ్లను పరీక్షించి తీసుకుంటారు. పశ్చిమాసియాలో దేవుడు ఒక్కడే అనే ఇంకో మతం వాళ్లున్నారు, ద్రూజులు, వాళ్లయితే 1043 నుంచి కొత్తవాళ్లను తీసుకోవడమే ఆపేశారు. కాబట్టి నేను చూసేవి రెండు. తలుపు తెరిచి ఉందా, తోవ ఎంత దూరం పోయింది.

యాంకర్: మన పాలకుర్తి సోమన చెప్పిన వీరశైవం కూడా శివుడొక్కడే అంటుంది. అది ఎక్కడికొస్తుంది?

లెక్చరర్: 12వ శతాబ్దంలో బసవన్న కులం అడగకుండా తలుపు తెరిచాడు, అది మామూలు మాట కాదు. తోవ మాత్రం ఎక్కువగా మన దక్కన్ చుట్టుపక్కలే ఆగింది.

విద్యార్థి: అట్లయితే సిక్కుల తోవ కూడా చిన్నదే కదా సార్? 2011 లెక్కల్లో దేశంలో 2.08 కోట్ల మంది సిక్కులుంటే దాదాపు 1.6 కోట్లు పంజాబ్‌లోనే.

లెక్చరర్: ఇది నేను ఒప్పుకోను. 1699లో పదో గురువు గోవింద్ సింగ్ తల ఇచ్చేదెవరని అడిగితే లేచిన ఐదుగురు ఎక్కడివాళ్లని సిక్కు సంప్రదాయం చెప్తుంది? లాహోర్, హస్తినాపురం, ద్వారక, పూరీ, ఐదో ఆయనది మన పక్కనున్న బీదర్! ఆయన మంగలి. ఖాల్సా, అంటే దీక్ష తీసుకున్న సిక్కుల సమాజం, మొదలైన రోజునే దేశం నాలుగు మూలల నుంచీ మనుషులు, అదీ రకరకాల కులాల వాళ్లు. వాళ్ల గ్రంథం తెరిచి చూడు, మరాఠీ నేల నామదేవుడున్నాడు, కాశీ కబీరున్నాడు, చర్మకారుడు రవిదాసున్నాడు, సూఫీ ఫరీదున్నాడు. తన మతంలో లేనివాళ్ల మాటలను తన పవిత్ర గ్రంథంలోనే పెట్టి వాటి ముందు తల వంచే మతాన్ని ఒక రాష్ట్రం మతం అని ఎట్లా అంటాం? ఇవాళ కెనడాలో 7 లక్షల పైనే ఉన్నారు. పదో గురువు చివరి రోజులు గడిపింది నాందేడ్‌లో, 1708లో. నిజామాబాద్‌లో రైలెక్కితే అయిపాయె.

టీచర్: నేను పోయాను సార్. లంగరులో, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం దగ్గర, అందరూ కిందే, ఒకే వరుసలో కూర్చుంటారు. రొట్టె రెండు చేతులూ చాచి తీసుకోవాలి. నాకు తెలియక ఒక్క చెయ్యి చాపితే, వడ్డించే పిల్లవాడు నవ్వి తన రెండు చేతులూ కలిపి చూపించాడు. పేరు, మతం, ఊరు, ఏదీ అడగలేదు. మా బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర కూడా ఇంకా ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలని గొడవలొస్తాయి, అందుకే నాకు ఆ వరుస చూస్తే గొంతు పట్టుకుంది.

విద్యార్థి: సరే, తలుపు విషయంలో ఒప్పుకుంటున్నాను. మరి పార్సీల సంగతి? సికింద్రాబాద్‌లో వాళ్ల అగ్ని మందిరంలోకి బయటివాళ్లను రానివ్వరు. 2001లో దేశంలో 69,601 మంది, 2011కి 57,264.

లెక్చరర్: ఒకప్పుడు ఇరాన్ సామ్రాజ్యపు మతం అది. జనం తగ్గినంత మాత్రాన చరిత్ర తగ్గదు. కానీ ఇవాళ్టి మాట అడిగితే, నా కొలతలో అది ప్రపంచ మతం కాదు, గొప్ప మతం. ఆ రెండూ ఒకటి కానక్కర్లేదు.

యాంకర్: బహాయీలో?

లెక్చరర్: తలుపు తెరిచే ఉంది, తోవ దేశదేశాలకూ పోయింది. జనం తక్కువే కావచ్చు, నాకైతే అది ప్రపంచ మతమే.

విద్యార్థి: మన జనగణనలో మాత్రం దేశం మొత్తానికి ఐదు వేల లోపే వచ్చింది సార్. వాళ్లు చెప్పుకునేది లక్షల్లో.

టీచర్: రాసేవాళ్లకు పేరు తెలియకపోతే ఎంతమందిని ఎట్లా రాసి ఉంటారో. ఆ రోజు నేను అడగకపోతే నా ఫారంలో కూడా ఏదో ఒకటి పడేది.

యాంకర్: 2027 జనగణనకు మీకు మళ్లీ డ్యూటీ పడితే?

టీచర్: పడితే మొదట ఆ వీధికే పోతాను. ఆయన ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే, ఈసారి స్పెల్లింగ్ అడగను.