డేటా మైనింగ్ టూల్: డెమో కంటే ముందు వెయిటేజీ

అందరికీ నమస్కారం.

డేటా మైనింగ్ టూల్, అంటే పెద్ద డేటాలోంచి పనికొచ్చే ధోరణులు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్, ఎంచుకునేటప్పుడు చాలా టీముల్లో ముందు డెమో చూస్తారు. నచ్చుతుంది. ఆ తర్వాత, నచ్చినదానికి తగ్గట్టు కారణాలు రాసుకుంటారు. ఈ వరసను తిరగేసి, ఏ అంశం ఎంత ముఖ్యమో చెప్పే వెయిటేజీలు ముందే తేల్చుకోమని అడగడానికే మీ ముందు నిలబడ్డాను.

డెమోల్లో తరచూ కనిపించే ఐరిస్ డేటానే తీసుకోండి. 150 పూలు, ఒక్కో పువ్వుకు నాలుగు కొలతలు, ఖాళీ గడి ఒక్కటీ లేదు. దానిమీద ఏ టూలైనా రెప్పపాటులో మోడల్ కట్టేస్తుంది. సగం గడులు ఖాళీగా, తేదీలు తలో రకంగా ఉన్న మన లక్షల వరసల ఫైలు తెరిస్తే కదా అసలు సంగతి తెలిసేది! వేకా అనే డేటా మైనింగ్ టూల్‌లోని ఎక్స్‌ప్లోరర్ డేటా మొత్తాన్ని మెమరీలోకి తెచ్చుకుంటుంది. నేర్చుకునేవాళ్లకు అది గొప్ప సాధనం. ఫైలు బాగా పెద్దదైతే మాత్రం మెమరీ చాలక ఆగిపోతుంది.

కాబట్టి మొదటి పని వడపోత. డేటా సంస్థ గడప దాటకూడదన్నది నియమమైతే, క్లౌడ్‌లో మాత్రమే నడిచే టూల్‌కు మార్కులు వేయడమే అనవసరం. వేశామా, అందమైన స్క్రీన్‌కు పడ్డ మార్కులు ఆ లోటును కప్పేస్తాయి.

మిగిలినవాటికి థామస్ సాటీ అనే గణిత శాస్త్రవేత్త 1970ల్లో రూపొందించిన ఏహెచ్‌పీ (ఎనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) పద్ధతి వాడండి. వేగం, ఖర్చు లాంటి ప్రమాణాలను రెండేసి చొప్పున పోల్చి, ఒకదాని కంటే ఇంకొకటి ఎంత ముఖ్యమో 1 నుంచి 9 దాకా అంకె ఇవ్వాలి. ఆ అంకెల నుంచే వెయిటేజీలు వస్తాయి. మన తీర్పుల్లో పొంతన ఉందో లేదో కూడా అది చెప్పేస్తుంది, నాకు బాగా నచ్చేది అదే. సౌలభ్యం కంటే వేగం 3 రెట్లు, ఖర్చు కంటే సౌలభ్యం 2 రెట్లు ముఖ్యమన్నారనుకుందాం. అప్పుడు ఖర్చు కంటే వేగం 6 రెట్లు ముఖ్యం కావాలి. తీరా అక్కడికొచ్చేసరికి వేగం కంటే ఖర్చే 2 రెట్లు ముఖ్యమన్నారు. లెక్క కడితే కన్సిస్టెన్సీ రేషియో, అంటే తీర్పుల్లో పొంతన ఎంత తప్పిందో చెప్పే అంకె, 0.6 దాటుతుంది. సాటీ పెట్టిన హద్దు 0.1. దయచేసి అంకెలు సర్దేసి ముందుకు పోకండి. ఆ తేడా ఎక్కడ పుట్టిందో అడగండి. ఒకరు లైసెన్స్ ఖర్చు లెక్కేసి, ఇంకొకరు శిక్షణ ఖర్చు లెక్కేసి ఉండొచ్చు. అలాగైతే ఆ ప్రమాణాన్ని రెండుగా విడగొట్టాలి.

ఏహెచ్‌పీకీ ఒక బలహీనత ఉంది. మధ్యలో కొత్త టూల్ చేర్చితే పాతవాటి ర్యాంకులు తారుమారు కావచ్చు. జాబితా ముందే ఖాయం చేసుకోండి.

చివరగా వెయిటేజీలను కాస్త అటూ ఇటూ జరిపి చూడండి. ఆ మాత్రానికే మొదటి స్థానం మారితే, ఆ రెండు టూల్స్ సమానమే. రోజూ వాడబోయేవాళ్లకు రెండూ ఇచ్చి, మన ఫైలు మీదే నడిపించమనండి. ఆ ఫైలును మాత్రం ముందే శుభ్రం చేసి ఇవ్వకండి.