హాంబర్గ్ నీళ్ళు, ఆల్టోనా నీళ్ళు

శ్రోతలకు నమస్కారం.

ఊళ్ళో అంటురోగం పుట్టినప్పుడు నగరపాలక సంస్థ ఏం చేయాలి, ఉన్న డబ్బు ముందు దేనిమీద పెట్టాలి అన్నది ఈ పూట విషయం. పెద్ద విషయమే. అయితే ఉన్న కాస్త సమయంలో పది ఊళ్ళ సంగతులు తలా రెండు ముక్కలు చెప్పడం కంటే ఒక్క ఊరి కథ పూర్తిగా చెప్పుకుందాం. ఎన్నిసార్లు చదివినా నన్ను కొత్తగా బాధపెట్టే కథ ఇది. 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరానికి కలరా వచ్చిన కథ.

హాంబర్గ్ ఎల్బే నది ఒడ్డున ఉన్న మహా ఓడరేవు. అప్పటికే ఆరు లక్షలు దాటిన జనాభా. జర్మన్ సామ్రాజ్యంలో భాగమే అయినా తన పరిపాలన తనదే. పైన సెనేట్ ఉండేది, దానికి తోడు 160 మంది సభ్యుల పౌరసభ ఉండేది. ఖర్చుకు పౌరసభ ఒప్పుకోవాలి. ఆ 160 మందిలో 80 మందిని ఓటున్న పౌరులందరూ ఎన్నుకునేవారు. 40 మందిని ఇళ్ళూ స్థలాలూ ఉన్న ఆస్తిపరులు విడిగా ఎన్నుకునేవారు. మిగతా 40 మంది న్యాయమూర్తులు, పాలనలో పదవులు చేసిన పెద్దలు ఎన్నుకున్నవాళ్ళు. ఓటు కావాలంటే ముందు రుసుము కట్టి పౌరసత్వం తీసుకోవాలి. రేవులో మూటలు మోసేవాళ్ళలో చాలామందికి ఆ ఓటు లేదు. ఈ లెక్క కాస్త గుర్తుంచుకోండి. నీళ్ళ గురించి నిర్ణయం తీసుకున్నది ఈ సభే.

నీళ్ళ సంగతికి వద్దాం. 1842లో హాంబర్గ్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి నగరం నడిబొడ్డు కాలిపోయింది. తిరిగి కట్టేటప్పుడు విలియం లిండ్లే అనే ఇంగ్లండ్ ఇంజనీరు భూగర్భ మురుగు కాల్వలు, నీటి పంపులు, పైపులు వేయించాడు. ఆ కాలానికి అది గొప్ప ఏర్పాటు. నదిలో నీళ్ళు తోడి పైపుల్లో ఇంటింటికీ పంపేవారు. నగరం మురుగు మళ్ళీ అదే నదిలోకి పోయేది. నీళ్ళు తోడేది నగరానికి ఎగువన కాబట్టి ఫరవాలేదనుకున్నారు. కానీ ఎల్బేలో సముద్రపు పోటు పనిచేస్తుంది. పోటు వచ్చినప్పుడు నది వెనక్కి తన్నుతుంది. దిగువన కలిసిన మురుగు కొంత ఎగువకు ఎక్కి వస్తుంది. నీళ్ళను వడపోయాలన్న మాట దశాబ్దాలపాటు చర్చలోనే ఉంది. వడపోత మాత్రం లేదు. నదిలో ఉన్నది ఉన్నట్టుగా కుళాయిలోకి వచ్చేది.

ఉన్నట్టుగా అంటే నిజంగా ఉన్నట్టుగానే. 1880లలో కార్ల్ క్రెపెలిన్ అనే జంతుశాస్త్రవేత్త హాంబర్గ్ నీటి పైపుల్లో బతుకుతున్న జీవాల మీద ఏకంగా ఒక శాస్త్రీయ పరిశీలనే ప్రచురించాడు. పురుగులు, నత్తలు, ఆల్చిప్పలు, పాముల్లాంటి చేపలు, అన్నీ పైపుల్లోనే కాపురం. జనానికి ఇది తెలియని సంగతేం కాదు. పాలకులకు అంతకంటే బాగా తెలుసు.

మరి ఎందుకు ఆగింది? డబ్బు లేక కాదు. హాంబర్గ్ సంపన్న నగరం. 1880లలోనే రేవులో కొత్త గోదాముల పేటలు కట్టింది. వడపోత పని ఆగింది మీటర్ల దగ్గర. నీళ్ళు విచ్చలవిడిగా వాడుతున్నారు, వాడినంతా వడపోయాలంటే ఖర్చు పెరుగుతుంది, కాబట్టి వడపోతతో పాటు మీటర్లూ పెట్టాలని సెనేట్ పట్టుపట్టింది. మీటర్లు పెడితే అద్దెకున్నవాళ్ళు వాడే నీళ్ళకు బిల్లు తమ నెత్తిన పడుతుందని ఇళ్ళ యజమానులు అడ్డుకున్నారు. పౌరసభలో వాళ్ళ బలం ఎంతో ఇందాకే చెప్పుకున్నాం. అలా ఏళ్ళు గడిచాయి. చివరికి మీటర్ల మాట పక్కన పెట్టి, 1890లో వడపోత కట్టడానికి తీర్మానం చేశారు. పని మొదలైంది.

పని సాగుతుండగా 1892 ఆగస్టు వచ్చింది.

ఆ వేసవి ఎండలు మండిపోయాయి. నదిలో నీళ్ళు తగ్గాయి, ఉన్న నీళ్ళు వేడెక్కాయి. ఆగస్టు మధ్యలో మొదటి రోగులు కనిపించారు. వాంతులు, విరేచనాలు, గంటల్లో మనిషి ఎండిపోయి చనిపోవడం. చూసిన డాక్టర్లకు అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినా పైనుంచి ప్రకటన రాలేదు. కలరా అన్న మాట బయటికి వస్తే రేవు మూతపడుతుంది, వ్యాపారం పోతుంది. పైగా నగర వైద్యాధికారులు మ్యూనిక్ శాస్త్రవేత్త పెట్టెన్‌కోఫర్ వాదాన్ని నమ్మినవాళ్ళు. నేలలోంచి పుట్టే విషవాయువు ఉంటేనే కలరా వ్యాపిస్తుంది గానీ నీళ్ళ వల్ల కాదని ఆయన వాదం. ఖర్చు వద్దనుకునేవాళ్ళకు ఆ వాదం ఎంతో అనుకూలం. నీళ్ళది తప్పు కానప్పుడు నీళ్ళమీద డబ్బు పోయడం ఎందుకు?

నగరం అధికారికంగా ఒప్పుకునేసరికి వారం దాటింది. ఆ వారంలోనే వలస కూలీల ఓడ ఒకటి, హాంబర్గ్‌లో అంటురోగం లేదన్న పత్రంతో అమెరికా బయలుదేరింది. దారిలోనే మనుషులు కలరాతో చనిపోయారు. దాని ఫలితంగా అమెరికా అధ్యక్షుడు హారిసన్, వలస వచ్చేవాళ్ళను తెచ్చే ఓడలకు 20 రోజుల క్వారంటైన్ విధించాడు. రేవు మూతపడకూడదని దాచారు. దాచినందువల్లే రేవు మూతపడింది.

బెర్లిన్ నుంచి రాబర్ట్ కాక్ వచ్చాడు. కలరా సూక్ష్మజీవిని గుర్తించిన శాస్త్రవేత్త ఆయనే. 1884లో కలకత్తాలో పనిచేసి ఆ సంగతి తేల్చాడు. హాంబర్గ్‌లో పేదలుండే ఇరుకు సందుల్లోకి వెళ్ళి చూసి, పక్కనున్నవాళ్ళతో, ‘పెద్దలారా, నేను యూరప్‌లో ఉన్నానన్న సంగతే మర్చిపోతున్నాను’ అన్నాడంటారు. నీళ్ళు కాచి తాగమన్నారు. బండ్లమీద కాచిన నీళ్ళు వీధుల్లోకి పంపారు. బడులు మూసేశారు. కాచి తాగమన్న కరపత్రాలు ఇల్లిల్లూ తిరిగి పంచడానికి నగరానికి మనుషులు చాలలేదు. ఆ పని చేసిపెట్టింది కార్మికుల పార్టీ వాళ్ళు. పేదల వీధులు, మెట్లు, తలుపులు వాళ్ళకే తెలుసు. ఈ వివరం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. రోగం వచ్చిన రోజున నగరానికి అత్యవసరంగా కావలసింది ఆ తలుపు తట్టగలిగే మనిషి. ఆ మనిషిని ఆ రోజున కొత్తగా తయారుచేసుకోలేం.

కొన్ని వారాల్లోనే ఎనిమిది వేల అయిదు వందల మందికి పైగా చనిపోయారు.

ఇప్పుడు ఈ కథలో నేను ఎక్కువసేపు నిలబడే చోటుకు వస్తున్నాను. హాంబర్గ్ పక్కనే ఆల్టోనా అనే ఊరుంది. పక్కనే అంటే రెండింటికీ మధ్య పొలాలు గానీ, గోడ గానీ లేవు. ఒకే వీధికి ఈ వైపు హాంబర్గ్, ఆ వైపు ఆల్టోనా. అదే గాలి, అదే నేల, అవే ఇరుకిళ్ళు, అదే పని చేసుకునే మనుషులు. ఆల్టోనా కూడా ఎల్బే నీళ్ళే తాగేది. అదీ హాంబర్గ్‌కు దిగువన, హాంబర్గ్ మురుగంతా కలిసిన తర్వాతి నీళ్ళు! న్యాయంగా చూస్తే ఆల్టోనాలో ఇంకా ఎక్కువమంది పోవాలి. హాంబర్గ్‌లో ప్రతి వెయ్యి మందికి 13 మందికి పైగా చనిపోతే, ఆల్టోనాలో వెయ్యికి రెండుకు కాస్త పైన. ఆ పోయినవాళ్ళలో కూడా చాలామంది పనికోసం హాంబర్గ్ వెళ్ళి అక్కడి నీళ్ళు తాగినవాళ్ళు.

తేడా ఒక్కటే. ఆల్టోనా నీళ్ళను ఇసుకలో వడపోసి ఇచ్చేది. 1859 నుంచీ.

సరిహద్దులో కొన్ని కార్మికుల ఇళ్ళున్నాయి. ఉన్నది హాంబర్గ్ నేలమీదే అయినా, హాంబర్గ్ పైపు కలిపే వీలు లేక వాటికి ఆల్టోనా పైపుల నీళ్ళే వచ్చేవి. చుట్టూ కలరా. ఆ ఇళ్ళలో లేదు. కాక్ ఈ సంగతిని తన నివేదికలో ప్రత్యేకంగా రాశాడు. నేలలో విషం ఉంటే ఆ నేలలోనూ ఉండాలి. గాలిలో ఉంటే ఆ గాలిలోనూ ఉండాలి. పైపు ఒక్కటే వేరు. ఎవరూ ప్రయోగం చేయలేదు, చేయకూడదు కూడా. రెండు పురపాలక సంఘాలు దశాబ్దాలపాటు బడ్జెట్లో పెట్టుకున్న పద్దులే ఆ ప్రయోగమైపోయాయి.

హాంబర్గ్ వడపోత కేంద్రం పనులు ఆఘమేఘాల మీద సాగి, 1893 మేలో పూర్తయ్యాయి. అనుకున్న గడువుకంటే ముందే. ఏళ్ళ తరబడి తెగని పని చావులు చూశాక నెలల్లో అయిపోయింది. లండన్‌లోనూ అంతే జరిగింది. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు భవనంలోకి వస్తే గానీ మురుగు కాల్వలకు డబ్బు మంజూరు కాలేదు. ఆ కథలోకి ఇప్పుడు వెళ్ళను.

ఎందుకంటే ఆల్టోనా కథ ఇంకా అయిపోలేదు. చాలామంది కథను ఇక్కడ ఆపేస్తారు. వడపోత కట్టినవాళ్ళు బతికారు, కట్టనివాళ్ళు చచ్చారు, అయిపోయింది అంటారు. నాకు అసలు సంగతి దీని తర్వాతే ఉందనిపిస్తుంది.

1893 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అదే ఆల్టోనాలో కలరా మళ్ళీ కనిపించింది. వడపోత ఉన్న ఊళ్ళోనే. చిన్నదే, త్వరగానే ఆగింది. కానీ ఎలా వచ్చింది? కాక్ వెళ్ళి వెతికాడు. ఇసుక వడపోత ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. పెద్ద తొట్టెల్లో ఇసుక పోసి నీళ్ళను నిదానంగా దిగనిస్తారు. కొన్నాళ్ళకు ఇసుక పైన పల్చటి జిగురు పొర కడుతుంది. సూక్ష్మజీవుల్ని పట్టేది ముఖ్యంగా ఆ పొరే. పొర మందమయ్యేకొద్దీ నీళ్ళు దిగవు. అప్పుడు పైపొర గీకేసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ గడ్డకట్టే చలిలో, పైకప్పు లేని తొట్టిని శుభ్రం చేసేటప్పుడు ఇసుక గడ్డకట్టింది. దాంతో వడపోత పాడై, సరిగా వడగట్టని నీళ్ళు కుళాయిలకు వెళ్ళాయి. కట్టడం అలాగే ఉంది, గోడలు అలాగే ఉన్నాయి. చూసినవాళ్ళకు ఏ తేడా కనిపించదు.

అప్పుడు కాక్ చెప్పింది ఇది. నీళ్ళు గంటకు 100 మిల్లీమీటర్ల కంటే వేగంగా ఇసుకలో దిగకూడదు. ప్రతి తొట్టి నీళ్ళనూ విడివిడిగా, ప్రతిరోజూ పరీక్షించాలి. ఘన సెంటీమీటరు నీళ్ళలో 100కు మించి సూక్ష్మజీవులుంటే ఆ నీళ్ళు ఊళ్ళోకి పోకూడదు. విడివిడిగా, ప్రతిరోజూ. అన్నీ కలిపి నెలకోసారి కాదు.

అందుకే నేను ఈ పూట ఒక్క పద్దు గురించే మాట్లాడదామనుకున్నాను. ఏ నగరమైనా విపత్తు వచ్చాక కట్టడానికి డబ్బు దొరుకుతుంది. అప్పు దొరుకుతుంది, పైప్రభుత్వం నిధులిస్తుంది, శంకుస్థాపన రాయి కూడా సిద్ధంగా ఉంటుంది. కట్టినదాన్ని రోజూ నడిపే మనిషి జీతానికి, విరిగిన వాల్వు మార్చడానికి, క్లోరిన్ కొనడానికి, నీటి పరీక్షకు మాత్రం ఏటేటా వెతుక్కోవాలి. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే కత్తెర ముందు పడేది అక్కడే. అక్కడ తగ్గిస్తే ఆ ఏడాది ఎవరికీ ఏమీ కనిపించదు కాబట్టి. కొత్త ట్యాంకు ఎందుకు మంజూరు కాలేదని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. పాత ట్యాంకును కిందటి ఏడాది ఎన్నిసార్లు కడిగారని అడిగేవాళ్ళు తక్కువ. నా అభిప్రాయంలో నిర్వహణ ఖర్చును కట్టడం ఖర్చుతో ఒకే గంపలో వేయకూడదు. దానికి విడిగా పద్దు ఉండాలి, ఏడాది మధ్యలో దాన్ని వేరే పనికి మళ్ళించే వీలు ఉండకూడదు. కొత్త కట్టడం ఏది మంజూరు చేసినా, రాబోయే పదేళ్ళు దాన్ని నడపడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో అదే తీర్మానంలో రాసి ఉండాలి.

వింటున్నవాళ్ళలో వార్డు సభ్యులుంటే, కాలనీ సంఘాల వాళ్ళుంటే ఒక పని చేయవచ్చు. ఈ రోజుల్లో నీళ్ళను వడపోసి, ఆపైన క్లోరిన్ కలుపుతారు. వాటర్ వర్క్స్ దగ్గర ఎంత కలిపారన్నది సగం సంగతే. పైపు పొడవునా వెళ్ళేసరికి క్లోరిన్ తగ్గిపోతుంది. ఎక్కడైనా పైపు పగిలి మురుగు కలుస్తుంటే ఇంకా త్వరగా తగ్గిపోతుంది. కాబట్టి చూడాల్సింది పైపు లైనులో చిట్టచివరి ఇంటి కుళాయి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు వేస్తే రంగు వస్తుంది, కిట్‌తో వచ్చిన రంగుల పట్టీతో పోల్చి చూడటమే. నిమిషాల్లో అయిపోయే పరీక్ష, పెద్ద చదువు అక్కర్లేదు.

ఆ చివరి ఇంట్లో పరీక్ష ఎవరు చేస్తున్నారు, ఏ రిజిస్టరులో రాస్తున్నారు, రంగు రానిరోజు ఎవరికి ఫోను చేస్తున్నారు, ఈ మూడూ సమావేశంలో అడగండి. రిజిస్టరు చూపించమనండి. తేదీలు వరసగా ఉన్నాయా, వర్షాకాలంలో ఖాళీలున్నాయా చూడండి. ఖాళీలుంటే, ఆ పని చేసే ఉద్యోగం భర్తీ అయిందో లేదో అడగండి.

నమస్కారం.