మకరేనా: 16 బీట్లలో ఒక వేసవి

[తెర మీద: 1996 ఆగస్టు క్యాలెండర్. వెనక చప్పట్ల బీట్.]

వాయిస్: 1996 ఆగస్టు 3. అమెరికాలో పాటల జనాదరణను వారం వారం లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానంలోకి మకరేనా అనే పాట వచ్చింది. 14 వారాలు దిగలేదు. మన పిల్లలు సెలవులయ్యి బడికెళ్లే జూన్‌లోనే అక్కడ వేసవి మొదలు, అందుకే ఆగస్టంటే అక్కడ ఇంకా వేసవే.

పాట మాత్రం ఆ ఏడాదిది కాదు. స్పెయిన్‌లో సెవిల్ పక్కనున్న దోస్ ఎర్మానాస్ ఊరి గాయకుల జోడీ లోస్ దెల్ రియో 1993లోనే విడుదల చేసింది. తర్వాత మయామీలో బేసైడ్ బాయ్స్ అనే సంగీత బృందం వాళ్లు దానికి డాన్స్ బీట్ వేసి, చరణాలు ఇంగ్లీషులో ఒక అమ్మాయి చేత పాడించి, కోరస్‌ని స్పానిష్‌లోనే ఉంచేశారు. అయినా శిఖరానికి చేరడానికి 33 వారాలు పట్టింది.

చరణాల్లో కథేమిటంటే, ప్రియుడు వితొరీనో ఊళ్లో లేనప్పుడు మకరేనా అనే అమ్మాయి అతని స్నేహితులిద్దరితో తిరుగుతుంది. పిల్లలు కూడా దీనికి డాన్స్ చేశారు. చేతులు తిప్పే హడావిడిలో మాటలు ఎవరికి కావాలి?

[తెర మీద: ఎదురుగా నిలబడ్డ డాన్సర్. మూలన బీట్ అంకెలు.]

వాయిస్: అసలు పని ఈ చేతులదే. 1, 2: కుడి చేయి, ఎడమ చేయి ముందుకు, అరచేతులు కిందికి. 3, 4: అరచేతులు పైకి. 5, 6: కుడి చేయి ఎడమ భుజం మీదికి, ఎడమ చేయి కుడి భుజం మీదికి. 7, 8: చేతులు తల వెనక్కి. 9, 10: కుడి చేయి ఎడమ నడుము మీదికి, ఎడమ చేయి కుడి నడుము మీదికి. 11, 12: ఎటు చేయి అటే, తుంటి వెనక. 13 నుంచి 15 దాకా నడుము తిప్పడం. 16కి గెంతి పావు వంతు తిరగడం.

[తెర మీద: 9వ బీట్ స్లో మోషన్‌లో.]

తప్పేది ఇక్కడే. తల మీంచి దిగిన కుడి చేయి అలవాటు కొద్దీ కుడి నడుము మీదే వాలుతుంది. అప్పుడిక 11కి చేయడానికేమీ మిగలదు, బీట్ జారిపోతుంది. ఇంకోటి, గెంతేటప్పుడు ఎటు తిరగాలో ముందే అనుకోండి. లేకపోతే పక్కవాళ్ల ముఖంలో ముఖం పెట్టాల్సిందే.

వేగం నిమిషానికి దాదాపు 103 బీట్లు. అంటే 16 బీట్ల ఒక చుట్టు తొమ్మిది సెకన్ల పైచిలుకు. నాలుగు చుట్లకి మళ్లీ ముందుకే తిరుగుతారు. జోడీ అక్కర్లేదు, జాగా అక్కర్లేదు, రెండో చుట్టుకల్లా వచ్చేస్తుంది.

అంత తొందరగా వచ్చేది అంతే తొందరగా మొహం మొత్తుతుంది. రేడియోవాళ్లు దీన్ని బర్న్ అంటారు. శ్రోతలకు కొన్ని సెకన్ల ముక్క వినిపించి, నచ్చిందా అని ఒకసారి, విసుగొచ్చిందా అని విడిగా ఇంకోసారి అడుగుతారు. రెండింటికీ అవుననే జవాబు వచ్చే పాటలున్నాయి. అలాంటివి రోజూ వినే లిస్టులోంచి జారి, పెళ్లి డీజేల దగ్గర ఉండిపోతాయి. తాతయ్యా మనవరాలూ ఒకే వరసలో నిలబడాలంటే ఆ డీజేలకి ఇప్పటికీ ఇదే చేతికందుతుంది.