క్లిప్పుల కన్నా ముందు

శ్రోతలకు నమస్కారం.

పోయిన నెలలో ఒక నాయనమ్మ మనవణ్ణి తీసుకుని మా క్లినిక్‌కి వచ్చారు. వాడికి ఆరున్నరేళ్ళు. కుర్చీ ఎక్కగానే ఆవిడే వాడి కింది పెదవి లాగి చూపించారు. "చూడమ్మా, రెండు వరసలు వచ్చేశాయి. మా వైపు ఎవరికీ లేదు, వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చింది కాబోలు" అన్నారు. నిజమే. పాల పన్ను ఇంకా ఊడలేదు. దాని వెనక, నాలుక వైపు, కొత్త పన్ను రంపం అంచుతో తొంగి చూస్తోంది.

ఇందులో ఏ వైపు వాళ్ళ తప్పూ లేదు. కింది ముందు పళ్ళు చాలామంది పిల్లలకు ఇలా వెనక నుంచే వస్తాయి. పాల పన్ను అప్పటికే కొంచెం కదులుతోంది. దాన్ని వాడి వేలితోనే అటూ ఇటూ ఆడించుకోమన్నాను. అది ఊడితే నాలుకే కొత్త పన్నును మెల్లగా ముందుకు నెడుతుంది. రెండు మూడు నెలలైనా ఊడకపోతే అప్పుడు తీస్తాం.

"మరి క్లిప్పులు వేయరా?" అన్నారావిడ, కొంచెం నిరాశగా. వాడికి ఇప్పుడు క్లిప్పులు అక్కర్లేదు. అయినా తీసుకొచ్చి మంచి పని చేశారు.

అమెరికాలో పళ్ళ వరస సరిచేసే డాక్టర్ల సంఘం, పిల్లలకు 7 ఏళ్ళు వచ్చేలోపు ఒకసారి చూపించమంటుంది. ఆ మాట మన దాకా వచ్చేసరికి "ఏడేళ్ళకే క్లిప్పులు వేయించాలట" అని మారిపోయింది. వాళ్ళు చూపించమన్నారు, వేయించమనలేదు. ఆ వయసుకు ముందు పళ్ళు మారుతుంటాయి. నోటి చివర్న నాలుగు పెద్ద దవడ పళ్ళు కూడా వచ్చి ఉంటాయి. ఇవి 6 ఏళ్ళప్పుడు, ఏ పాల పన్నూ ఊడకుండానే, వెనకున్న ఖాళీలోంచి చడీచప్పుడు లేకుండా వచ్చేస్తాయి. అందుకే ఇంట్లోవాళ్ళు వాటినీ పాల పళ్ళే అనుకుంటారు. పిప్పి పట్టినా "ఊడిపోయేదేగా" అని వదిలేస్తారు. ఆ పన్ను పోతే మళ్ళీ రాదండీ.

అసలు పాల పన్ను విషయంలో కూడా ఆ మాట నాకు నచ్చదు. పాల దవడ పళ్ళు 10, 12 ఏళ్ళ దాకా ఉండాలి. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తామే, పాల పన్ను అలాంటిది. తువ్వాలు తీసేస్తే పక్కవాడు జరిగి కూర్చుంటాడు. 5 ఏళ్ళకే పీకించేస్తే వెనక పన్ను ముందుకు ఒరుగుతుంది. అసలు పన్ను వచ్చేసరికి చోటుండదు. ఇక అది పక్కనుంచో, పన్ను మీద పన్నుగానో వస్తుంది. పీకక తప్పనప్పుడు ఆ చోటు పోకుండా పక్క పన్నుకి చిన్న రింగు, దానికో వైరు తగిలిస్తాం. రాత్రిళ్ళు పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం మానేస్తే చాలామంది పిల్లలకు ఆ పీకుడే తప్పుతుంది.

త్వరగా మొదలుపెట్టాల్సినవి లేవా అంటే, ఉన్నాయి. కింది పళ్ళు పై పళ్ళ ముందుకొచ్చి మూసుకోవడం ఒకటి. పై దవడ ఇరుకై, నోరు మూసినప్పుడల్లా కింది దవడ ఒక పక్కకి జారడం ఇంకోటి. అంగిలి మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒక అతుకు ఉంటుంది. టీనేజీ దాటేకొద్దీ అది గట్టిపడిపోతుంది. చిన్నప్పుడైతే అంగిలి దగ్గర స్క్రూ ఉన్న పరికరం బిగిస్తాం. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఇంట్లో అమ్మే చిన్న తాళంచెవితో తిప్పుతుంది. ఒక్కో తిప్పుకు దాదాపు పావు మిల్లీమీటరు తెరుచుకుంటుంది. కొన్నాళ్ళకు పై ముందు పళ్ళ మధ్య సందు పడుతుంది. ముందే ఎంత చెప్పినా ఆ రోజు ఫోన్ రాక మానదు, "డాక్టరుగారూ, పళ్ళు విడిపోతున్నాయి" అని. అతుకు విచ్చుకుంటోందనడానికి అదే గుర్తు. ఇదే పని పాతికేళ్ళకు చేయాలంటే ఆపరేషన్ దాకా పోవాల్సి రావచ్చు.

ఎత్తు పళ్ళ సంగతి వేరు. చిన్నప్పుడొకసారి, పెద్దయ్యాక ఇంకోసారి వైద్యం చేసినా, టీనేజీలో ఒకేసారి చేసినా చివరికి వరస దాదాపు ఒకేలా వస్తుందని పరిశోధనల్లో తేలింది. ముందే చేస్తే ఒక లాభం ఉంది. పడ్డప్పుడు ఆ పళ్ళు విరగడం తగ్గుతుంది. పిల్లాడు ఎంత దూకుడో చూసి నిర్ణయించుకోవాలి.

వేలు చీకే అలవాటు 4 ఏళ్ళ లోపు పోతే బెంగలేదు. మీ పాప ఇంకా చీకుతోందో లేదో తెలియాలంటే వేళ్ళు చూడండి. చీకే వేలు మిగతావాటి కన్నా శుభ్రంగా, తెల్లగా, ముడతలు పడి ఉంటుంది. వేపనూనె రాయడం, చుట్టాల ముందు ఎగతాళి చేయడం దండగ, దుప్పటి కింద చీకుతారు. పాపనే అడిగి, తను ఒప్పుకుంటేనే, రాత్రి చేతికి ఒక సాక్సు తొడగండి. నోరు తెరుచుకుని గురకపెట్టి నిద్రపోయే పిల్లలను మాత్రం ముందు ముక్కు, గొంతు డాక్టరుకి చూపించాలి.

ఖర్చుకు భయపడేవాళ్ళకి ఒక మాట. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి.

వచ్చేటప్పుడు ఏ పన్ను ఎప్పుడు ఊడిందో రాసుకుని రండి. ఒక తల్లి ఏకంగా గోడ మీది క్యాలెండరే ఊడదీసి తెచ్చింది. గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాల లెక్క, వాటి మధ్యలో "పై ముందు పన్ను, ఎడమ" అని ఒక చోట, "కుడి" అని ఇంకో చోట రాసుంది. ఎడమ పక్క కొత్త పన్ను వచ్చి 7 నెలలైంది, కుడి పక్క జాడ లేదు. ఎక్స్‌రే తీస్తే చిగురు లోపల మొక్కజొన్న గింజంత అదనపు పన్ను దారికి అడ్డంగా కూర్చుని ఉంది. దాన్ని తీసేశాం. కొన్ని నెలలకు ఆ పాప కుడి పన్ను బయటికొచ్చింది. ఆ తేదీ కూడా క్యాలెండర్‌లో రాసిందట వాళ్ళమ్మ.

నమస్కారం.