పోసుడు కాదు, తీసుడు: బాత్రూంల నీళ్ళు నిలిస్తె ఏం చెయ్యాలె

(హన్మకొండల కాలనీ వాసుల ముందల చేసిన ప్రసంగ పాఠం)

అందరికి నమస్తె. నల్లా నీళ్ళొచ్చే టైముకు ఇంటికాడ ఉండాలె కాబట్టి నేరుగ విషయంలకు పోదాం.

స్నానం చేస్తుంటె కాళ్ళకింద నీళ్ళు నిలుస్తున్నయ్. మన ఇండ్లల్ల జరిగే మొదటి పని, దుకాణంల యాసిడ్ సీస తెచ్చి మోరీల పోసుడు. బుసబుస పొంగుతది, ఘాటు ముక్కుకెక్కుతది, పని అవుతున్నట్టె అనిపిస్తది. తెల్లారి మళ్ళ అదే నిలుపు. ఇంకో సీస తెస్తరు. ఆఖరికి ప్లంబరన్న వచ్చి, జాలీ లేపి, లోపల చెయ్యి పెట్టి, ఎలుక తోక లెక్క ఒక వెంట్రుకల ముద్ద గుంజి బయటపడేసి పోతడు. మీరు పోసిన రెండు సీసల యాసిడ్‌కు ఆ ముద్ద చెక్కుచెదరలేదు. మోరీకి కావల్సింది పోసుడు కాదు, తీసుడు. ఏది తియ్యాలె, ఎక్కడ తియ్యాలె, అదే ఇవ్వాళటి ముచ్చట.

ఈ బల్ల మీద పెట్టింది నహాని ట్రాప్, అంటె బాత్రూం జాలీ కింద నేలల పెట్టే వంపు ముక్క. లోపల కనిపించాలెనని నిలువుగ కోసినం. పై మూతి నాలుగు అంగుళాలు, బయటికి పోయే పైపు మూడు అంగుళాలు. దుకాణంల 110, 75 మిల్లీమీటర్లంటరు. నడుమ ఈ వంపు చూడండి. నీళ్ళు కిందికి దిగి, మళ్ళ కొంచెం పైకెక్కి, అప్పుడు పైపులకు పడతయ్. ఈ వంపుల ఎప్పటికి రెండు అంగుళాల లోతు నీళ్ళు నిలిచే ఉంటయ్. ఆ నీళ్ళే తలుపు. సెప్టిక్ ట్యాంక్ వాసన పైకి రాకుండ ఆపేది అవే. ఎండకాలం నెల రోజులు తాళం వేసిపోయిన ఇంట్ల తలుపు తియ్యంగనె గుప్పున కంపు కొడతది కదా, మోరీ జామ్ అయ్యి కాదు, వంపుల నీళ్ళు ఆరిపోయి. రెండు చెంబులు పోస్తె అయిపోతది. దీనికొక్కదానికి మాత్రం పోసుడే మందు.

జాలీ కింద గిన్నె బోర్లిచ్చినట్టు ఒక కప్పు ఉంటది చూడండి, బొద్దింకలు రాకుండ పెడతరు. సగం ఇండ్ల సమస్య ఈ కప్పే. దాని అంచు చుట్టు వెంట్రుకలు చుట్టుకుంటయ్, నీళ్ళు పోయే సందు గోరంత మిగుల్తది. విసుగొచ్చి కప్పును తీసి పారేస్తరు. పారెయ్యచ్చా? ముందు కప్పు లేపి, ఒక చెంబు నీళ్ళు పోసి, టార్చి కొట్టి చూడండి. లోపల నీళ్ళు మెరుస్తూ నిలిచి ఉంటె కింద అసలు ట్రాప్ ఉన్నట్టు. కప్పు లేకున్నా వాసన రాదు, సన్న రంధ్రాల జాలీ చాలు. నీళ్ళు నిలవకుండ పోయి, పొడిగ నల్లటి పైపు కనిపిస్తె కింద ట్రాప్ లేదు. పాత ఇండ్లల్ల గోడకు రంధ్రం పెట్టి నేరుగ బయట మోరీకి కలిపినయ్ ఇంక చాన ఉన్నయ్. అక్కడ వాసనను ఆపేది ఈ కప్పొక్కటే. దాన్ని తీస్తె మోరీ మూత తీసి ఇంట్ల పెట్టుకున్నట్టే. వారానికోసారి కడిగి మళ్ళ అదే చోట పెట్టాలె.

ఇగ జామ్ అయ్యేది దేనితోని? ఒక్క వెంట్రుకలతోనె అయితె ఇంత గట్టిగ పట్టదు. వాటికి జిగురు కావాలె, ఆ జిగురు మన బోరు నీళ్ళల్ల ఉన్నది. సబ్బు అంటె నూనె ఆమ్లాల సోడియం లవణం, నీళ్ళల్ల కరుగుతది. బోరు నీళ్ళల్ల ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఆ సోడియం జాగల కూసుంటె అదే సబ్బు కరగని తెల్ల పెచ్చు అవుతది. బకెట్ అంచుకు గోరుతోని గీకితె వచ్చే తెల్లటిది అదే. తాగే నీళ్ళకు భారత ప్రమాణం ప్రకారం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపుంటె మంచిది, వేరే దారి లేకుంటె 600 దాక పర్వాలేదంటరు. సబ్బుకు నురుగు రాని బోరుంటె మీ పైపు గోడలకు ఈ పెచ్చు రోజూ కొంచెం కొంచెం పడుతున్నట్టే. ధర్మసాగర్ నుంచొచ్చే నల్లా నీళ్ళతోని స్నానం చేసే ఇంట్ల ఇది తక్కువ. షాంపూ, బాడీవాష్ అసలు సబ్బు కాదు కాబట్టి వాటితోని ఈ పెచ్చు కట్టదు.

దీనికి తోడు తలంటు రోజు నూనె, కుంకుడు పిప్పి, సున్నిపిండి, మైదాకు ముద్ద. సున్నిపిండి నీళ్ళకు ఉబ్బుతది, వెంట్రుకల వలల పడి గట్టి పిండిముద్ద అవుతది. ఇవన్ని కాక ఇంకొకటి ఎవరూ అనుమానపడరు: షాంపూ ప్యాకెట్ చింపినప్పుడు ఊడొచ్చే కొసముక్క. జాలీ రంధ్రంల నుంచి సులువుగ జారి వంపుల అడ్డం తిరుగుతది. అది కుళ్ళదు, కరగదు. ప్యాకెట్‌ను పూర్తిగ చింపకుండ కొస దానికే వేలాడేటట్టు చింపితె ఈ బాధ ఉండదు.

తీసేముందు జామ్ ఎక్కడున్నదో కనుక్కోవాలె. ఖర్చు లేని పని, ఒక బకెట్ చాలు.

మొదలు, నిలిచిన నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నయో చూడండి. సరిగ్గ జాలీ మీద ఒక చెంబు పోయండి. అది గటగట దిగిపోయి, మూలల మాత్రం మడుగు మిగిలితె మోరీది తప్పు కాదు, బండల వాటానిది. నేల వాలు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు జాలీ దిక్కు ఉండాలె. వాటం లేని నేలకు ఎన్ని మందులు పోసినా లాభం లేదు, బండలు లేపి వేసుకోవాలె, లేదా వైపరు పట్టాలె.

జాలీ మీద పోసింది కూడ నిలిస్తె, జాలీ, కప్పు రెండు తీసేసి మళ్ళ పోయండి. ఇప్పుడు దిగితె రోగం జాలీకాడనె ఉన్నది. అప్పుడు కూడ నిలిస్తె వంపుల, లేదా దాని అవతల. ఇప్పుడు వేరే తావుల నీళ్ళు విడిచి చూడండి. ఫ్లష్ కొట్టండి. పక్క బాత్రూంల ఒక బకెట్ కుమ్మరించండి. ఈ మోరీల నీళ్ళు పైకి తేలినా, గుడగుడ చప్పుడైనా జామ్ మీ ట్రాప్‌ల లేదు, అన్ని కలిసే పెద్ద లైనుల ఉన్నది. కింది ఇంటోళ్ళు స్నానం చెయ్యకముందె వాళ్ళ బాత్రూంల నీళ్ళు ఉబికితె అది పైవాళ్ళ నీళ్ళు. అపార్ట్‌మెంట్‌ల ఈ సంగతి మీద కింద పోర్షన్‌కు మీద పోర్షన్‌కు కొట్లాటలైతయ్. నిజానికి ఇద్దరి తప్పు కాదు, చాంబర్ కాడ, అంటె ఇంటి బయట పైపులు కలిసే మూత గుంత కాడ జామ్.

గుడగుడ ఒక్కటే ఉండి నీళ్ళు మంచిగనె పోతుంటె మిద్దె మీద గాలి పైపు చూడండి. దాని తలమీది టోపీల పిట్టలు గూడు కట్టుకుంటయ్. గాలి అందక, దిగే నీళ్ళు ట్రాప్‌ల నీళ్ళను కూడ గుంజుకొని పోతయ్. కొన్ని రోజులకు వాసన మొదలైతది.

ఇప్పుడు తీసుడు. రబ్బరు తొడుగులు వేసుకోండి. జాలీకి మరలుంటె విప్పండి, వైట్ సిమెంట్‌తోని పట్టిస్తె చదును స్క్రూడ్రైవర్ అంచు చుట్టూత నెమ్మదిగ తిప్పి లేపండి. ఒక్క మూలనె ఎత్తితె బండ పగుల్తది. నీళ్ళను చెంబుతోని, స్పాంజితోని తోడేస్తె లోపల ఏమున్నదో కనిపిస్తది. చేతికి అందినవన్ని చేతితోని తియ్యండి. అందనివాటికి మందపాటి జీఐ తీగ కొసను చిన్న కొక్కెం లెక్క వంచి, వంపులకు దింపి, తిప్పి గుంజండి. ప్లాస్టిక్ పట్టీకి రెండు దిక్కుల ముండ్లుండేది హార్డ్‌వేర్ షాపులల్ల దొరుకుతది, వెంట్రుకలకు దాన్ని మించింది లేదు. తోసుడు వద్దు, గుంజుడే. తోస్తె ముద్ద వంపు దాటి అవతలి పైపుల పడి, అక్కడ అందకుండ కూసుంటది. వచ్చిన వెంట్రుకలను చెత్తబుట్టల వెయ్యండి, కమోడ్‌ల కాదు. గోడలకు పట్టిన పెచ్చును సీసలు కడిగే బ్రష్‌తోని రుద్దండి. తర్వాత ఒక బకెట్ వేడినీళ్ళు, స్నానానికి కాచేదానికంటె కొంచెం ఎక్కువ వేడి, ధారగ పోయండి. కళపెళ కాగినయి వద్దు. పీవీసీ పైపు 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతది, జాయింట్ల రబ్బరు రింగులు వదులైతయ్.

అప్పుడు పది లీటర్ల బకెట్ ఒక్కసారె కుమ్మరించి, మొత్తం పోవడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో ఫోన్ల చూసి తలుపు వెనక రాసిపెట్టుకోండి. అది మీ ఇంటి లెక్క. ఆర్నెల్లకు అదే బకెట్‌కు రెండింతల టైము పడితె, నీళ్ళు నిలవక ముందె జాలీ లేపచ్చు.

ఇంక మెల్లగనె పోతుంటె ప్లంజర్, కట్టెకు రబ్బరు కప్పు ఉండేది. బేసిన్ పైపు చానవరకు ఇదే ట్రాప్‌ల కలుస్తది, కాబట్టి బేసిన్ రంధ్రాన్ని, దాని పైన పొంగు రంధ్రాన్ని తడిబట్టతోని గట్టిగ మూయాలె. లేకుంటె మీరు ఇక్కడ కొట్టిన గాలి అక్కడినుంచి పోతది. ప్లంజర్ కప్పు మునిగేటంత నీళ్ళుండాలె, అంచుకు వాజలిన్ రాస్తె మంచిగ పడుతది. ఇరవై సార్లు కొట్టండి. బలం కిందికి కొట్టేటప్పుడు కాదు, పైకి గుంజేటప్పుడు పెట్టాలె. జామ్ వదిలేది అటు ఇటు కదిలినప్పుడే.

దానికి కూడ వదలకుంటె స్ప్రింగు, పైపులకు దూర్చే పొడుగు తీగ చుట్ట. ఇంటికి ఐదు మీటర్లది చాలు. తిప్పుకుంట తోయాలె, ఊరికె తోస్తె వంపుల మడతపడుతది. మొదటి అడుగులనె తగిలే అడ్డు ట్రాప్ వంపు, భయపడొద్దు. ఆ తర్వాత మెత్తగ తగిలితె జామ్, గట్టిగ టక్కుమంటె ఎల్బో, అంటె పైపు మలుపు ముక్క. తగిలిన చోట స్ప్రింగుకు టేపు చుట్టి బయటికి తీసి కొలవండి. రెండు మీటర్ల కాడ ఆగిందనుకోండి, ప్లంబర్ వచ్చినప్పుడు బండలన్ని పగులగొట్టకుండ ఆ రెండు మీటర్ల కాడనె చూడమనొచ్చు.

యాసిడ్ గురించి మళ్ళ చెప్త, ఎందుకంటె ఈ మాట ఒక్కసారి చెప్తె ఎవరూ వినరు. అది వెంట్రుకను కరిగించదు, కొవ్వును కరిగించదు. కరిగించేది సున్నాన్ని. సిమెంట్ జాయింట్లు, బండల నడుమ గ్రౌట్, షాబాద్ బండలు, తాండూరు బండలు, ఇవన్ని సున్నపు జాతివే. పొంగింది మోరీల మురికి కాదు, మీ బండ. కాస్టిక్ సోడా వేరు. అది వెంట్రుకలను నెమ్మదిగ కొరుకుతది, నూనెను సబ్బు చేస్తది, కాని నిలిచిన నీళ్ళల్ల వేస్తె అడుగున రాయి లెక్క గడ్డకట్టి ఉన్న జామ్‌ను ఇంక గట్టి చేస్తది. వెయ్యదలిస్తె నీళ్ళు తోడేసిన తర్వాత, డబ్బా మీద రాసిన కొలతనె. కాస్టిక్ వేసిన మోరీల ప్లంజర్ కొట్టొద్దు, కంట్ల పడుతది. పడితె పావుగంటకు తక్కువ కాకుండ నల్లా కింద కన్ను కడిగి దవాఖానకు పోవాలె. వచ్చిన ప్లంబర్‌కు ఏం పోసిన్రో ముందె చెప్పాలె. అతని చేతులు కూడ చేతులే. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒక్కతాన కలిస్తె క్లోరిన్ గ్యాస్ పుడుతది. తలుపేసిన చిన్న బాత్రూంల అది ప్రాణం తీస్తది. వంటసోడా, వెనిగర్ ముచ్చట అడుగుతరు: రెండు కలిస్తె ఒకదాన్నొకటి చంపుకుంటయ్, మిగిలేది కొంచెం ఉప్పునీళ్ళు. నురుగు చూడముచ్చటగ ఉంటది, అంతే.

బయట చాంబర్ మూత లేపితె సగం సంగతి తెలుస్తది. బాత్రూంల నీళ్ళు నిలిచి చాంబర్ ఖాళీగ ఉంటె జామ్ ఇంటికి చాంబర్‌కు నడుమ. చాంబర్ కూడ నిండి ఉంటె అక్కడినుంచి రోడ్డు దిక్కు, లేదా సెప్టిక్ ట్యాంక్ దిక్కు. ప్రహరి పక్కన యాప చెట్టో రావి చెట్టో ఉండి, పాత మట్టి పైపులైతె జాయింట్లల్ల వేర్లు దూరుతయ్. వెదురు బద్ద పెడితె కొసకు సన్న వేర్లు చిక్కొస్తయ్. చాంబర్ పైనుంచి బద్ద పెట్టుడు, జోరుగ నీళ్ళు కొట్టి జామ్ తీసే జెట్టింగ్ మిషిన్ పిలుచుడు వరకె. మనిషిని లోపలికి దింపొద్దు, సెప్టిక్ ట్యాంక్‌లకైతె అసలె దింపొద్దు. లోపల గ్యాస్‌కు ముక్కు మొద్దుబారుతది, వాసన లేదనుకునేలోపె మనిషి పడిపోతడు. మోరీలు, సెప్టిక్ ట్యాంకులల్ల రక్షణ లేకుండ మనిషితోని పని చేయించొద్దన్న 2013 చట్టం ప్రకారం దింపినోళ్ళ మీద కేసు కూడ అయితది.

2020 ఆగస్టుల, 2023 జులైల వానలకు మన నగరంల పల్లపు కాలనీలు మునిగినప్పుడు మోరీలల్ల నుంచి నీళ్ళు ఇండ్లల్లకు ఎదురెక్కినయ్. అటువంటి తావుల చాంబర్ ముందు నాన్ రిటర్న్ వాల్వ్, అంటె నీళ్ళను బయటికే పోనిచ్చి ఎదురు రానియ్యని రెక్క తలుపు పెట్టుకోవచ్చు. దాని రెక్క కింద వెంట్రుకలు ఇరికితె అది మూసుకోదు, తెరుచుకోదు. అందుకె మృగశిర కార్తెకు ముందల ఒకసారి విప్పి కడగాలె.

కొత్త ఇంట్ల మొదటి రోజు నుంచె మెల్లగ పోతుంటె వెంట్రుకలను తిట్టొద్దు. బండలు పరిచేటప్పుడు ట్రాప్ మూతి మూయక సిమెంట్ పాలు లోపల పడి రాయైతది, లేదా పైపుకు మీటరుకు 20, 25 మిల్లీల వాలు ఇయ్యలేదు. బండలు పరిచే నాడు ట్రాప్‌ల సంచి గుడ్డ కుక్కిచ్చి, పైన టేపు వేయించండి. పని అయిపోయినంక గుడ్డ తీసుడు మర్చిపోయే మేస్త్రీలు కూడ ఉన్నరు, మీరే నిలబడి తీయించండి. బాత్రూం గుంత ఇటుక ముక్కలతోని నింపకముందె పైపులు ఎటునుంచి ఎటు పోయినయో ఫోటో తీసి పెట్టుకోండి, పక్కన టేపు పరిచి, కొలత కనపడేటట్టు.

ఇప్పుడు నలుగురు నలుగురుగ ముందుకొచ్చి ఈ కోసిన ట్రాప్‌ల వేలు పెట్టి వంపు ఎక్కడ మొదలైతదో పట్టి చూడండి. పక్కన స్ప్రింగు ఉన్నది, పెద్ద ట్రాప్‌ల బకెట్ నీళ్ళున్నయ్. తిప్పకుండ ఒకసారి, తిప్పుకుంట ఒకసారి తోసి చూడండి, తేడా మీ చేతికే తెలుస్తది. తొడుగులు ఆ బుట్టల ఉన్నయ్.