పరీక్ష చీటీ అందరికీ ఒకే మాట చెప్పదు

"మా వంశంలోనే షుగర్ ఉందండీ, ఇక తప్పదు" అనే మాట మీరు వినే ఉంటారు, అనే ఉంటారు కూడా. అందులో సగమే నిజం. పీమా తెగనే తీసుకోండి. వాళ్లలో కొందరు అమెరికాలోని అరిజోనాలో, కొందరు మెక్సికో కొండల్లో ఉంటారు, జన్యుపరంగా దగ్గరి చుట్టాలే. 2006లో వచ్చిన లెక్క చూస్తే అరిజోనా వాళ్లలో 38 శాతం మందికి షుగర్, పొలాల్లో ఒళ్లొంచి పనిచేసే మెక్సికో వాళ్లలో మాత్రం 7 శాతం లోపే.

మరి జన్యువులు ఏం చేస్తాయంటారా? టైప్ 2 షుగర్‌లో వందల కొద్దీ చిన్న చిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి, ఒక్కో జాతిలో ఒక్కో తేడా ఎక్కువగా కనిపిస్తుంది, అంతేగానీ ఫలానా జాతికి ఫలానా షుగర్ జన్యువు అని రాసిపెట్టి లేదు. 2006లోనే ఐస్‌లాండ్ పరిశోధకులు టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో పట్టుకున్న తేడా యూరప్ వాళ్లలో మామూలే, జపాన్ వాళ్లలో అరుదు. 2008లో జపాన్ వాళ్ల నమూనాల్లో కేసీఎన్‌క్యూ1 అనే జన్యువులో ఇంకో తేడా దొరికింది. యూరప్ వాళ్లలో దాదాపు అందరికీ షుగర్ ముప్పు పెంచే రకమే ఉంది కాబట్టి, పోల్చి చూడటానికి రెండో రకం వాళ్లు సరిపడా లేక అది అంతకుముందు కంటపడలేదు.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది మాత్రం గ్రీన్‌లాండ్ సంగతి. అక్కడి ఇన్యుయిట్ ప్రజల్లో టీబీసీ1డీ4 అనే జన్యువులో ఒక తేడా ఉందని 2014లో తేలింది. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు కాపీలూ వస్తే షుగర్ ముప్పు దాదాపు పది రెట్లు. భోంచేశాక రక్తంలోని గ్లూకోజ్‌ను కండరాలు లోపలికి లాక్కోవాలి కదా, వీళ్ల కండరాలు సరిగ్గా లాక్కోవు. అసలు చిక్కు ఇక్కడే ఉంది: పొద్దున్నే పరగడుపున రక్తం ఇస్తే రిపోర్టు చక్కగా నార్మల్ రావచ్చు, గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలాగి చూస్తే గానీ బయటపడదు. పరగడుపు పరీక్షతోనే ఊరుకుంటే రోగి హాయిగా ఇంటికెళ్లిపోతాడు.

ఇంకోటి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మీద మనకెంత నమ్మకమో! అది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో కొందరికి జీ6పీడీ అనే జన్యువులో తేడా ఉండి ఎర్రకణాలు తొందరగా చచ్చిపోతాయి, చక్కెర అంటుకునే టైమే ఉండదు. 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆ తేడా ఉన్న మగవాళ్లలో ఈ అంకె దాదాపు 0.8 తక్కువ చూపిస్తుంది. అంటే చీటీలో 6.3 అని ఉన్న మనిషికి అసలు 7.1 ఉండొచ్చు. షుగర్ ఉందని తేల్చే గీత 6.5 దగ్గర గీశారు. డాక్టరు గారు "ఇంకా షుగర్ రాలేదులే, జాగ్రత్తగా ఉండు" అంటారు, ఆ మనిషికేమో అప్పటికే షుగర్ ఉంది.